కొత్త ఊళ్లో... తొలి గజం!

ఆదివారం ఉదయం ఎనిమిదింటికే ఉప్పల్‌లోని ఆ అపార్ట్‌మెంట్ ముందు కారు ఆగింది. మాస్టారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయన పేరుతో పనిలేదు. ముప్పై ఏళ్లకు పైగా శ్రీకాకుళం జిల్లాలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి హైదరాబాద్ వచ్చేసిన ఇలాంటి మాస్టార్లు ఏ కాలనీలో చూసినా నలుగురు కనిపిస్తారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, దాచుకున్నదీ అంతా కలిపి ముప్పై లక్షలు బ్యాంకులో ఉన్నాయి. 'ఊరికే అక్కడ పడి ఉంటే ఏమొస్తుంది నాన్నా, ఓ ప్లాటు కొని పడేద్దాం' అన్నాడు కొడుకు. నిజమే కదా అనిపించింది.

కారు, డ్రైవరు, దారిలో టిఫిను... అన్నీ వెంచర్ వాళ్లవే. నారపల్లి దాటి, ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగు రోడ్డును దాటుకుని బీబీనగర్ వైపు సాగిపోతుంటే ఏజెంటు కుర్రాడు ఒక్క నిమిషం ఊరుకుంటే ఒట్టు. 'గదిగో సార్, ఎయిమ్స్. ఇంకొంచెం పోతే భువనగిరి, ఆ మీద గుట్ట. రీజనల్ రింగు రోడ్డు పడ్డదంటే ఈ ఏరియా లెవలే వేరుంటది!'

వెంచర్‌లో రంగుల జెండాలు, పెద్ద ఆర్చి, సున్నం కొట్టిన హద్దురాళ్లు, షామియానా కింద బిర్యానీ. బోర్డు మీద 'హెచ్‌ఎండీఏ ప్రపోజ్డ్' అని ఉంది. గజం పదహారు వేలు. నూట యాభై గజాలు... ఇరవై నాలుగు లక్షలు. 'ఇయ్యాల టోకెన్ ఇస్తే పదిహేనుకు మాట్లాడిపెడ్త సార్. రేపు ఈ రేటుండదు.' మాస్టారి చెయ్యి చెక్కుబుక్కు మీదికి వెళ్లింది.

ఆయన భార్య మాత్రం షామియానాలో కూర్చోలేదు. ఎండకు తల తిరుగుతోందని రోడ్డు పక్కన టీ కొట్టు దాకా నడిచారు. టీ తాగుతూ కొట్టు నడిపే పెద్దావిణ్ని అడిగారు, 'ఇక్కడ నీళ్లెలా అమ్మా?' అని.

'ఎండకాలంల ట్యాంకరే దిక్కమ్మా. వానలు మంచిగ పడ్డ యాడాది అయితే చెరువు నీళ్లు గా జెండాల దాంక వస్తయి.'

ఆవిడ తిరిగొచ్చి ఆ ముక్క భర్త చెవిలో వేశారు. చెక్కుబుక్కు మళ్లీ సంచిలోకి వెళ్లిపోయింది. బిర్యానీ తిన్నారా లేదా అన్నది వేరే సంగతి. పది రూపాయల టీ ఆ రోజు లక్షల రూపాయల్ని కాపాడింది.

సొంతూళ్లో అయితే ఆ టీ అక్కర్లేదు. ఏ పొలం వానకు మునుగుతుందో, ఏ అన్నదమ్ముల మధ్య పంపకాల తగువుందో, ఏ బంజరును ఎవరు ఆక్రమించుకున్నారో మాస్టారికి ఏ కాగితమూ చూడకుండానే తెలుసు. పుట్టి పెరిగిన చోట అది ఊరికే వచ్చిన ఆస్తి. పొలిమేర దాటగానే అది పనికిరాదు. అందుకే తెలియని ఊళ్లో స్థిరాస్తి కొనాలనుకునేవాళ్లు మొదట కొనాల్సింది స్థలం కాదు, సమాచారం. దానికి పెట్టాల్సింది డబ్బు కాదు, సమయం.

భాష ఒకటే, లెక్క వేరు

ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నా మొదటి వారంలోనే మాస్టారికి తికమక మొదలైంది. వాళ్ల ఊళ్లో పొలం సెంట్ల లెక్క. ఎకరానికి నూరు సెంట్లు. ఇక్కడ గుంటల లెక్క. ఎకరానికి నలభై గుంటలు. సెంటు అంటే 48.4 గజాలు, గుంట అంటే 121 గజాలు. ఎకరం మాత్రం ఎక్కడైనా 4,840 గజాలే. కొత్త ప్రాంతంలో ఎవరు ఏ లెక్కలో చెప్పినా గజాల్లోకి మార్చుకుని పోల్చుకోవాలి. 'రెండు గుంటల ఫాం ప్లాటు' అంటే ఎంతో అనిపిస్తుంది. తీరా చూస్తే 242 గజాలు. అదీ ఇల్లు కట్టుకునే అనుమతి లేని వ్యవసాయ భూమి ముక్క!

రికార్డుల పేర్లూ అంతే. ఆంధ్రలో అడంగల్, 1-బి అంటారు. తెలంగాణలో పహాణీ అంటారు. పాత హక్కు తేల్చుకోవాలంటే ఇక్కడి న్యాయవాదులు 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్తారు. వ్యవసాయ భూముల రికార్డులకు 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో, ప్లాట్లు, ఇళ్ల రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో జరుగుతుంది. తనకు తెలిసిన పద్ధతే అన్నిచోట్లా ఉంటుందనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు.

ఒక దారి, ఒక నోటుపుస్తకం

హైదరాబాద్ చుట్టూ అవుటర్ రింగు రోడ్డే 158 కిలోమీటర్లు. అన్ని దిక్కులా తిరిగితే పెట్రోలు ఖర్చు తప్ప ఏమీ మిగలదు. అందుకని ఒక్క దారినే ఎంచుకోవాలి. కొడుకు ఇల్లు ఉప్పల్‌లో కాబట్టి మాస్టారు వరంగల్ రోడ్డునే పట్టుకున్నారు. కారు కాదు, ఉప్పల్‌లో బస్సెక్కేవారు. వారానికి రెండుసార్లు. ఒకసారి పొద్దున, ఒకసారి చీకటి పడ్డాక. పొద్దున అన్ని వెంచర్లూ అందంగానే ఉంటాయి. రాత్రి ఏడింటికి వెళ్తే ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో తెలుస్తుంది. దీపాలు ఉన్నచోట మనుషులున్నారు, మనుషులున్నచోట రేపు కొనేవాడూ ఉంటాడు. వాన పడిన మర్నాడు వెళ్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కనిపిస్తుంది. మే నెలలో వెళ్తే ట్యాంకర్లు లెక్కపెట్టుకోవచ్చు.

చూసిందల్లా రెండు వందల పేజీల నోటుపుస్తకంలో ఎక్కించారు. తేదీ, ఊరు, సర్వే నంబరు, చెప్పిన ధర. పక్కనే ఇంకో గడి ఉంచారు. అసలు కిటుకు అందులోనే ఉంది. కొనబోయేవాళ్లంతా 'గజం ఎంత?' అని అడుగుతారు. మాస్టారు రెండో ప్రశ్న కూడా వేసేవారు, అదీ వెంచర్ వాళ్లను కాదు, ఆ ఊళ్లోనే ఉండే మధ్యవర్తులను. 'బాబూ, అక్కడ కొన్నవాళ్లు ఎవరైనా ఇప్పుడు అమ్మాలంటే ఎంతకు పోతుంది?'

పదహారు వేలన్న వెంచర్ గురించి వచ్చిన జవాబు... 'అమ్మాల్నంటే కష్టం సార్. అర్జెంటయితే పదకొండుకు చూస్త.'

అంటే గజానికి అయిదు వేల తేడా. నూట యాభై గజాలకు ఏడున్నర లక్షలు. కారుకు, షామియానాకు, బిర్యానీకి, ఏజెంటు కమీషనుకు, అన్నిటికంటే ముఖ్యంగా మన తెలియనితనానికి కట్టే పన్ను అది. కొన్న మరుక్షణమే పోయే డబ్బు. ఈ తేడా ఎంత తక్కువుంటే ఆ చోటు అంత మంచిది. నలుగురు కొంటూ, నలుగురు అమ్ముతూ ఉండే చోట తేడా తక్కువ. అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు కనపడని చోట ఎక్కువ.

కాగితాలు మాట్లాడతాయి... కానీ అన్నీ చెప్పవు

'ప్రపోజ్డ్' అన్న మాటకు అర్థం 'దరఖాస్తు పెట్టాం' లేదా 'పెడతాం' అని. అనుమతి వచ్చిందని కాదు. స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 2016లో వచ్చి, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అయిదు వందల చదరపు మీటర్లు దాటిన లేదా ఎనిమిది యూనిట్లు మించిన ప్రాజెక్టుకు రెరా నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, టోకెన్ కూడా తీసుకోకూడదు. నంబరున్నా సరే, ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ఏజెంటుకు కూడా రెరా నమోదు ఉండాలి. 'ప్రీలాంచ్ ఆఫర్', 'అనుమతి వచ్చేలోపు చౌకగా' అనే మాటలు వినపడితే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. రెండేళ్లకు తామే తిరిగి కొంటామని, నెలనెలా ఇంత ముట్టజెబుతామని రాసిచ్చే బాండ్ల సంగతీ అంతే. భూమి విలువ మీద నమ్మకం ఉన్నవాడు దాన్ని అమ్ముకోడానికి వడ్డీ ఆశ ఎందుకు చూపిస్తాడు?

అనుమతి ఉన్న లేఅవుట్‌లోనూ చూడాల్సినవి ఉన్నాయి. రోడ్లు, కాలువలు పూర్తిచేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లను, మామూలుగా పదిహేను శాతం స్థలాన్ని, అనుమతిచ్చిన సంస్థకు తనఖా పెడతారు. మనకు చూపిస్తున్న నంబరు అందులో ఉందేమో ప్లానులో వెతుక్కోవాలి. పార్కు స్థలాన్నే ప్లాటుగా అమ్మిన సందర్భాలూ లేకపోలేదు. పంచాయతీ ముద్ర ఒక్కటే ఉన్న లేఅవుట్ల జోలికి కొత్తవాళ్లు వెళ్లకపోవడమే మేలు.

ఇక చెరువు సంగతి. నిండుగా ఉన్నప్పుడు నీరు ఎంతవరకు నిలుస్తుందో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ హద్దు నుంచి మరో 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్. అందులో కట్టడాలు కుదరవు. టీ కొట్టు పెద్దావిడ చెప్పిన 'జెండాల దాంక' అన్న మాటకు ప్రభుత్వ భాషలో అర్థం ఇదే. 2024లో హైడ్రా ఏర్పడి అవుటర్ లోపల కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాట అందరికీ తెలిసింది. అవుటర్ దాటినా చెరువు చెరువే. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో మ్యాపులున్నాయి. సర్వే నంబరు పట్టుకుని నీటిపారుదల శాఖ కార్యాలయంలోనూ అడగొచ్చు.

ఏ ఊరికి ఉండే చిక్కు ఆ ఊరికి ఉంటుంది. యాదాద్రి భువనగిరి జిల్లానే చూడండి. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది ఇక్కడి పోచంపల్లిలోనే. అలా దానంగా వచ్చిన భూముల్ని ప్లాట్లు వేసి అమ్మడానికి వీల్లేదు. పేదలకు ఇచ్చిన అసైన్డు భూమికి 1977 చట్టం అడ్డం. వక్ఫ్, దేవాదాయ భూములు సరేసరి. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. బయానా ఇవ్వకముందే సర్వే నంబరు అందులో ఉందేమో చూసుకోవాలి.

ఈసీ తీస్తే చాలు కదా అంటారు చాలామంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచీ దొరుకుతుంది. అది ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలనే చెబుతుంది. రిజిస్టరు కాని ఒప్పందాలు, కోర్టు కేసులు, వాటా రావాల్సిన ఆడపడుచులు అందులో కనపడరు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కుకు ప్రభుత్వం పూచీ పడినట్టూ కాదు. అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. జీపీఏ మీద జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదలాయించదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు మనం పెట్టుకున్న న్యాయవాది చదవాలి. మనం పెట్టుకున్న సర్వేయరు కొలవాలి. వెంచర్ వాళ్ల లాయరు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇచ్చుకున్న మంచి మార్కుల్లాంటిది!

బ్యాంకుతో పందెం

మాస్టారు లెక్కల మాస్టారు కాదు, తెలుగు మాస్టారు. అయినా ఒక సాయంత్రం కూర్చుని లెక్క వేశారు. 150 గజాలు, గజం 16 వేల చొప్పున 24 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం... లక్షా ఎనభై వేలు. మొత్తం 25.8 లక్షలు. ఇదే సొమ్మును ఏడు శాతం వడ్డీకి అయిదేళ్లు వేశారనుకుందాం. 36 లక్షల పైచిలుకు అవుతుంది. అంటే అయిదేళ్ల తర్వాత గజం 24 వేలు పలికితేనే ప్లాటు బ్యాంకుతో సమానం. వడ్డీ మీద పన్ను ఉంటుంది, నిజమే. ప్లాటు అమ్మినా మధ్యవర్తికి కమీషను ఇవ్వాలి, రెండేళ్లకు పైగా ఉంచుకుని అమ్మితే లాభం మీద పన్నెండున్నర శాతం పన్నూ కట్టాలి. 'పదహారుకు కొని ఇరవైకి అమ్మాం' అని చంకలు గుద్దుకునేవాళ్లు ఈ లెక్క వెయ్యరు.

ఫ్లాటు కొంటే అద్దె వస్తుంది కదా అంటే, మన నగరాల్లో ఏడాది అద్దె సాధారణంగా ఇంటి విలువలో మూడు శాతం చుట్టుపక్కలే. ఖాళీ ప్లాటుకు అదీ లేదు. పైగా ఊళ్లో ఉండి కాపలా కాయకపోతే హద్దురాళ్లకు కాళ్లొస్తాయి. అందుకే తొలిసారి కొనేవాళ్లు చేతిలో ఉన్నదంతా పెట్టకూడదు. రిటైరైనవాళ్లయితే అసలు పెట్టకూడదు. ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే గజాలు కోసి బిల్లు కట్టలేం.

చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. స్థిరాస్తి కోసం ఇరవై వేలు, అంతకు మించి నగదుగా అడ్వాన్సు తీసుకోవడాన్ని 2015లోనే నిషేధించారు. అమ్మేవాడు సగం నల్లడబ్బు అడిగితే రేపు తగాదా వచ్చిన రోజు ఆ సగానికి సాక్ష్యం ఉండదు. ధర యాభై లక్షలు, అంతకు మించితే ఒక శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనేవాడిదే.

రేపటి బొమ్మకు ఇవాళ్టి ధర

'ఇక్కడికి అది వస్తోందట, ఇది వస్తోందట' అన్నదే కొత్తవాళ్లను లాగే పెద్ద గాలం. అమరావతి కథ తెలుగువాళ్లందరికీ గుర్తే. 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగింది. రైతులు దాదాపు 33 వేల ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు మాయమయ్యారు. 2024లో ప్రభుత్వం మారి, 2025 మేలో పనులు మళ్లీ ప్రారంభమయ్యాయి. సొంత డబ్బుతో కొని, ఆ అయిదేళ్లూ ఓపిక పట్టగలిగినవాళ్లు నిలబడ్డారు. అప్పు చేసినవాళ్లు, కూతురి పెళ్లికి దాచినది పెట్టినవాళ్లు అయినకాడికి అమ్ముకున్నారు. భూమి అదే, ఊరు అదే. తేడా అంతా ఆగగలిగే శక్తిలోనే. హైదరాబాద్‌లోనూ 2008 మాంద్యం తర్వాత కొన్నేళ్లపాటు ప్లాట్లు కదలని రోజులున్నాయి.

అందుకే ఓ సూత్రం. ప్రకటించిన దాన్ని కాదు, కట్టిన దాన్ని చూసి కొనాలి. కొత్త రోడ్డు వస్తుందంటే గెజిట్ తెప్పించి సర్వే నంబర్లు చూడాలి. రోడ్డు మన ప్లాటు పక్క నుంచి పోతే అదృష్టం. ప్లాటు మీదుగా పోతే భూసేకరణ!

చివరికి...

అయిదు నెలల్లో నోటుపుస్తకం మూడొంతులు నిండింది. కొడుకు విసుక్కున్నాడు. 'ఇలా తిరుగుతూ పోతే రేట్లు పెరిగిపోతాయి నాన్నా' అన్నాడు. మాస్టారు పుస్తకం తెరిచి చూపించారు. మొదటి ఆదివారం 'రేపటికి ఉండదు' అన్న ఆ రేటే అయిదు నెలల తర్వాతా ఉంది. బోర్డు మీద 'ప్రపోజ్డ్' కూడా అలాగే ఉంది.

అదే దారిలో పాత లేఅవుట్ ఒకటి. సగానికి పైగా ఇళ్లు కట్టేశారు. చిన్న కిరాణా కొట్టు, మధ్యలో పార్కు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఓ ఉద్యోగి తన ప్లాటు అమ్ముతున్నాడని కిరాణా కొట్టులోనే తెలిసింది. 110 గజాలు, గజం 18 వేలు. వెంచర్ కంటే గజానికి రెండు వేలు ఎక్కువ. కానీ 'ఇది అమ్మాలంటే?' అని మాస్టారు ముగ్గురు మధ్యవర్తులను అడిగితే, ముగ్గురూ పదిహేడుకు తక్కువ చెప్పలేదు. న్యాయవాది కాగితాలు చూశాడు. సర్వేయరు కొలిచాడు. ధర, రిజిస్ట్రేషన్ కలిపి 21 లక్షల 30 వేల దాకా అయింది. మిగిలినది బ్యాంకులోనే ఉంది.

ఇదంతా అయ్యేముందు, స్థలం చూడ్డానికి వెళ్లిన రోజున మాస్టారి భార్య పక్కింటి గుమ్మంలో నిలబడి 'కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మా' అని అడిగారు. ఆ ఇల్లాలు లోపలికి వెళ్లి కుళాయి తిప్పి గ్లాసు నింపుకొచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగి, భర్త వైపు చూసి తల ఊపారు.

బయానా ఆ తర్వాతే ఇచ్చారు.